అబర్డీనే ఎందుకు?

శనివారం సాయంత్రం ఆ ఇంట్లో జరిగిన గొడవ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. స్కాట్లండ్ నుంచి జాయ్స్‌కి రెండు నర్సు ఉద్యోగాలు వచ్చాయి. ఒకటి గ్లాస్గోలో, ఒకటి అబర్డీన్‌లో. రెండింటికీ గురువారం సాయంత్రంలోగా జవాబు రాయాలి. జాయ్స్ గ్లాస్గో అంది. ఆమె భర్త రాజ్ కిరణ్ అబర్డీన్ అన్నాడు. "అబర్డీన్ అయితే వస్తాను. గ్లాస్గో అయితే నువ్వు ముందు వెళ్ళు, నా సంగతి తర్వాత చూద్దాం" అని తేల్చేశాడు. పొయ్యి దగ్గర చేపల పులుసు చూసుకుంటున్న జాయ్స్ అతనివైపు తిరగకుండానే, "మీరు రాకపోతే నేనూ వెళ్ళను. ఏ ఊరూ వద్దు, ఏ ఉద్యోగమూ వద్దు" అంది. ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమె అంత మాట అనడం అదే మొదలు. రాజ్ కిరణ్ ఔననలేదు, కాదనలేదు. చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మూడు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. 'అన్నం పెట్టాను', 'తాళంచెవి తీసుకున్నాను' అనేవాటిని మాటలంటే తప్ప.

మంగళవారం జాయ్స్‌కి సాయంత్రం డ్యూటీ లేదు. ఖతర్‌లో, అల్ సద్ పేటలో ఆమె పనిచేసే చెవి, ముక్కు, గొంతు క్లినిక్‌లో పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట పని ఉంటుంది. వారంలో ఒక్క సాయంత్రం మాత్రం ఆమెకి వదిలేస్తారు. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా మదీనత్ ఖలీఫాలోని ఇంటికి వచ్చేసింది. ఇల్లంటే ఇల్లు కాదు, పెద్ద విల్లాని ఏడు వాటాలు చేస్తే వీళ్ళకి దక్కిన వెనకవైపు వాటా. ఒక గది, దానికి అంటుకుని చిన్న వంటిల్లు, బయట రేగుచెట్టు కింద రెండు ప్లాస్టిక్ కుర్చీలు. నవంబరు కాబట్టి ఆ కుర్చీల్లో మనుషులు కూర్చోగలరు.

జాయ్స్ అక్కడే కూర్చుని నోటుబుక్కు తీసింది. పేజీ మధ్యలో నిలువుగా గీత గీసి చాలా రోజులైంది. గీతకి ఇటు గ్లాస్గో. వాన. అద్దె కాస్త ఎక్కువ. చెవి, ముక్కు, గొంతు వార్డు, అంటే చేతికి అలవాటైన పనే. తెలుగువాళ్ళ ప్రార్థన కూటం ఉంది. గీతకి అటు అబర్డీన్. చలి, సముద్రపు గాలి. ఊరంతా బూడిదరంగు రాతి ఇళ్ళు. డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నరకే పొద్దు గూకుతుంది. జనరల్ వార్డు, అంటే పని మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి. ఆ కింద ఒకే ఒక్క మాట: 'ఆయన.'

రాజ్ కిరణ్ గ్యాస్ ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్. గేజీలు, మీటర్లు, వాల్వులు చూసే పని. అబర్డీన్ అంటే సముద్రంలో చమురు తీసే ఊరు. అలాంటి మనిషి అలాంటి ఊరు కోరుకోవడంలో తప్పేముంది? తనది ఏ ఊళ్ళోనైనా దొరికే పని. ఆయనది అలా కాదు. తన పని సుఖం చూసుకుని ఆయన్ని పనిలేని ఊరికి లాక్కెళ్ళడం ధర్మమేనా? ఇలా ఆలోచించీ ఆలోచించీ ఆమె పెన్ను తీసుకుని గ్లాస్గో అన్న మాటని అడ్డంగా కొట్టేసింది. సాయంత్రం ఆయన రాగానే చెప్పేద్దామనుకుంది. చెప్పేస్తే మూడు రోజుల మౌనం కూడా పోతుంది.

అప్పుడే గేటు చప్పుడైంది.

వచ్చింది భూమేష్. జగిత్యాల దగ్గర పల్లె అతనిది. నలభై దాటిన మనిషి, పదకొండేళ్ళుగా ఖతర్‌లోనే ఉన్నాడు, ప్లాంటులో రాజ్ కిరణ్‌కి హెల్పరు. క్రిస్మస్‌కి ఒకసారి కేకు తినడానికి ఈ ఇంటికి వచ్చాడు. భుజాన పెద్ద నీలం సంచీ.

"నమస్తే అక్కా. అన్న రాలేదా ఇంక?"

"నాలుగున్నర అవుతుందండీ. రండి, కూర్చోండి, టీ పెడతాను."

"వద్దక్కా, బయట టాక్సీ ఆగి ఉన్నది. రేపు ఇంటికి వోతున్న, రెండు నెల్ల లీవు. నజ్మా బజార్ల సామాన్లు కొన్కొని గిట్లనే వచ్చిన." సంచీ కుర్చీలో పెట్టాడు. "గీ బ్యాగు అన్నది. లాకర్ల ఉండె. ఇప్పుడు గా లాకర్ కొత్తోనికి ఇచ్చిర్రు. శుక్రారం దాంక నా దగ్గర వెట్టుమని అన్న చెప్పిండు. నేనే వోతున్న గద, క్యాంపుల ఎవని చేతుల వెట్టాలె? అందుకే తెచ్చిన."

"ఆయన లాకర్ ఇంకొకరికి ఇవ్వడమేంటి?"

"స్టోర్ల మారిండు గదక్కా. స్టోరోళ్ళకు లాకర్ మాఫీ, ఇయ్యరు."

జాయ్స్‌కి అర్థం కాలేదు. "స్టోరా? ఎప్పటినుంచి?"

భూమేష్ ఆమె మొహంలోకి చూశాడు. అనకూడని మాట అనేశానని అప్పటికి తెలిసింది అతనికి. "అన్న చెప్పలేదా నీకు?" అన్నాడు నెమ్మదిగా. జాయ్స్ తల అడ్డంగా ఊపింది. అతను గేటువైపు ఒకసారి చూసి, అక్కడే నిలబడ్డాడు.

"చెప్పండి భూమేష్ గారూ. మీరు చెప్పకపోతే నేను ఇప్పుడే ఆయనకి ఫోన్ చేస్తాను. అది ఇంకా బాగుండదు."

"రెండు నెల్లాయె అక్కా. యార్డుల అన్న కుడి చెవ్వుకు వాకీటాకీ ఒత్తుకొని గేజ్ సూస్తున్నడు. యెన్కకెల్లి ఫోర్క్‌లిఫ్ట్ రివర్స్ వస్తుంది. బీప్ బీప్ అని ఒకటే ఒర్రుతుంది. నేను అటు మూలకున్న, నాకే చెవులు పలిగిపోతున్నయి. అన్న కదుల్తలేడు. 'అన్నా! అన్నా!' అని ఒర్రిన. ఉహు. ఉరికి పోయి అంగి వట్టి గుంజిన. ఇద్దరం కింద వడ్డం. గింతల తప్పింది." చేతితో జానెడు చూపించాడు. "సేఫ్టీ ఆఫీసర్ సూసిండు. చెవ్వుల టెస్టుకు తోలిండు. ఎడమ చెవ్వు ఇనవడ్తలేదని రాసిర్రట. గప్పట్నుంచి ప్లాంటులకు రానిస్తలేరు. స్టోర్ల కూసుండి సామాన్లు రాసుకునుడే."

జాయ్స్ నీలం సంచీవైపు చూసింది.

"మా ఇంటిది ఎల్లవ్వ ఎప్పుడు ఫోన్ జేసినా ఏమంటదో ఎరికేనా? 'దుబాయ్ల నీకు దిక్కు గా అన్ననే, మంచిగ సూస్కో' అంటది. ఆమెకు ఖతర్ గూడ దుబాయే. గందుకే గుంజినట్టున్న." భూమేష్ నవ్వబోయి మానేశాడు. "అక్కా, నువ్వు చెవ్వుల దవాఖానలనే చేస్తవు గద. అన్నకేం ఫికర్ లేదు, ఇంట్లనే డాక్టర్ ఉన్నట్టు అనుకున్నం మేమంత. నయమైతది గద?"

"అవుతుంది" అంది జాయ్స్. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అనిపించింది.

టాక్సీవాడు హారను కొట్టాడు. "యల్లా యల్లా" అని గేటు బయటినుంచి తొందరపెట్టే కేక. భూమేష్ రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయాడు.

ఆమె నీలం సంచీని లోపల మంచం మీద పెట్టింది. జిప్పు తీయలేదు. తీయాలనిపించలేదు కూడా. ఆయన వస్తువులు, ఆయనే తీయాలి.

అల్ సద్ క్లినిక్‌లో ఏడేళ్ళుగా ఆమె చేసే పని ఏమిటి? వచ్చినవాళ్ళని గాజు తలుపు గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, "శబ్దం వినపడగానే బొత్తాం నొక్కండి" అని చెప్పడం. పిల్లల్ని, ముసలివాళ్ళని, డ్రైవర్లని, టీచర్లని. పరీక్షలు చేసే షబానా సెలవు పెట్టిన రోజున ఆ మిషను నడిపే పనీ జాయ్స్‌దే. "మీవారికి వినపడటం లేదని ముందు కనిపెట్టాల్సింది మీరే కదమ్మా" అని ఎంతమంది భార్యలతో అని ఉంటుంది!

ఇప్పుడు అన్నీ కట్టగట్టుకుని గుర్తొచ్చాయి. ఏడాది కిందట మంచం మీద ఆమె పడుకునే వైపుకి తను మారాడు. ఫ్యాను గాలి ఇటే తగులుతోందన్నాడు. శుక్రవారం ఆరాధనకి వెళ్ళినప్పుడు బెంచీలో ఎడమ చివరే కూర్చుంటాడు, ఎవరు వచ్చి జరగమన్నా జరగడు. ఫోను ఎప్పుడూ కుడి చెవికే. మాట్లాడుతుంటే కళ్ళలోకి కాకుండా పెదవుల వైపు చూస్తాడు. అది ప్రేమనుకుంది కొన్నాళ్ళు. ఈమధ్య ఏది అడిగినా 'ఊఁ' అంటున్నాడు. ఆ ఊఁ పొగరనుకుంది.

మరి శనివారం? పొయ్యివైపు తిరిగి ఉంది తను. పైన పొగ లాగే ఫ్యాను తిరుగుతోంది. అతను గుమ్మంలో, ఎడమవైపు ఆమెకి పెట్టి నిలబడి ఉన్నాడు. 'మీరు రాకపోతే నేనూ వెళ్ళను' అన్న మాట ఆయనకి చేరనే లేదు! వింటే ఏమనేవాడో తెలియకుండానే మూడు రోజులు రాయి అనుకుంది ఆయన్ని.

జాయ్స్ మంచం మీద కూర్చుని ఏడ్చింది. ఎక్కువసేపు కాదు. లేచి మొహం కడుక్కుంది.

నాలుగున్నర దాటాక రాజ్ కిరణ్ వచ్చాడు. గుమ్మం బయట, కుడి పక్కన పక్కవాటా ఏసీ హోరుమంటుంటే, వంగి బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు. జాయ్స్ చప్పుడు చేయకుండా వెళ్ళి అతని వెనక, ఎడమవైపు, రెండు మూరల దూరంలో నిలబడింది. క్లినిక్‌లో పరికరం చెడిపోయినప్పుడు చేసే పరీక్ష ఇదే. గొంతు తగ్గించి అడగాలి.

"టీ పెట్టనా?" అంది.

అతను తాడు విప్పుతున్నాడు.

"మీరు అబర్డీన్ అంటే అబర్డీనే" అంది, ఇంకాస్త గొంతు పెంచి.

అతను రెండో బూటు అందుకున్నాడు. అప్పుడే వీధి చివర మసీదులో పొద్దుగూకే వేళ నమాజుకి పిలిచే మగ్రిబ్ అజాన్ మొదలైంది. దాని మైకు ఎడమవైపు ఉంది. అతను తల ఎత్తి కుడివైపుకి చూశాడు, శబ్దం అటునుంచి వస్తున్నట్టు.

పరీక్ష పెట్టినందుకు ఆమెకి సిగ్గేసింది. చుట్టూ తిరిగి అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "భూమేష్ వచ్చాడండీ. మీ సంచీ ఇచ్చి వెళ్ళాడు."

రాజ్ కిరణ్ చేతిలో బూటు అలాగే ఉండిపోయింది. ఆమె కళ్ళు చూశాడు, ఎర్రగా ఉన్నాయి. "చెప్పేశాడా?" అన్నాడు.

"నేనే చెప్పించాను. అతన్ని ఏమీ అనకండి. అతను లాగకపోతే ఈపాటికి నేను..." ఆ మాట పూర్తి చేయలేకపోయింది.

ఇద్దరూ రేగుచెట్టు కింద కూర్చున్నారు. రాజ్ కిరణ్ అలవాటుగా ఎడమ కుర్చీ అందుకున్నాడు, ఆమె తన కుడివైపు వచ్చేలా. కూర్చున్నాక తను చేసిన పని తనకే తెలిసి తల దించుకున్నాడు.

"నేను కోపంగా లేను" అంది జాయ్స్. "అంటే ఉన్నాను, కానీ దానికి కాదు. ఒక్కటి చెప్పండి. సముద్రంలో చమురు పనికి వెళ్ళాలంటే మెడికల్‌లో ముందు చూసేది చెవులే. మీకు తెలియదా?"

"తెలుసు."

"స్టోర్లోకి మార్చినప్పుడే తెలుసా?"

"ఆ రోజే తెలుసు."

"అబర్డీన్‌లో మీకు పని దొరకదని తెలిసి, మళ్ళీ అబర్డీనే అన్నారు. నన్ను గ్లాస్గో వదులుకోమన్నారు. ఇప్పుడే వదులుకున్నాను కూడా, ఈ పేజీ చూడండి, కొట్టేశాను. అబర్డీనే ఎందుకండీ?"

అతను పేజీలో కొట్టేసిన గ్లాస్గోని వేలితో తడుముతూ కూర్చున్నాడు. ఈసారి వినపడక కాదు.

"ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ అబర్డీన్ వెళ్తున్నాడంటే ఎందుకని ఎవరూ అడగరు జాయ్స్" అన్నాడు చివరికి. "మొన్న ఆరాధన అయ్యాక మన సంఘపెద్ద నిత్యానందం గారు నలుగురిలో నా భుజం తట్టి, 'మంచి ఊరు ఎంచుకున్నావోయ్, నీ పనికి తగ్గ ఊరు' అన్నారు. ఆ పూటంతా నేను టెక్నీషియన్నే. స్టోర్లో బోల్టులు లెక్కపెట్టేవాణ్ణి కాదు. అదే గ్లాస్గో అంటే? 'అక్కడ నువ్వేం చేస్తావు' అంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు. అబర్డీన్ అంటున్నన్నాళ్ళూ ఆ ప్రశ్న రాదు."

"అక్కడికి వెళ్ళాక? వెళ్ళాక వస్తుంది కదా?"

"అంతదూరం ఆలోచించలేదు." తల అడ్డంగా ఊపి, "ఆలోచించాను. నీకు గ్లాస్గో మీద మనసుంది. నేను గట్టిగా అబర్డీన్ అని కూర్చుంటే విసిగి ఒక్కదానివే వెళ్తావనుకున్నాను. వెళ్ళి బాగుంటావు. చెవిటి మొగుణ్ణి వెంటేసుకుని తిరగక్కర్లేదు."

జాయ్స్ చివాల్న లేచింది. "ఎనిమిదేళ్ళలో నన్ను ఇంతే తెలుసుకున్నారా?"

"కూర్చో. కూర్చో జాయ్స్. ముందు నా మాట విను." అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నీకు మా నాన్న సంగతి చెప్పలేదు. నువ్వు వచ్చేసరికే పోయాడు. పామర్రులో రైసు మిల్లు ఇంజను దగ్గర ముప్ఫై ఏళ్ళు చేశాడు. నేను హైస్కూల్లోకి వచ్చేసరికి రెండు చెవులూ పోయాయి. ఊళ్ళో 'చెవిటిమేళం' అనేవాళ్ళు. మా అమ్మ ఏం చెప్పాలన్నా అరిచేది. అరిచీ అరిచీ ప్రేమగా చెప్పాల్సిందీ అరుపే అయిపోయింది. ఒకసారి మా మేష్టారు ఇంటికొచ్చి, 'మీవాడు ఫస్టు వచ్చాడు' అంటే, నాన్న 'కట్టేస్తానండీ, వచ్చే వారం కట్టేస్తాను' అన్నాడు. ఫీజు గురించి అనుకున్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, జాయ్స్. ఆయన నావైపు చూసి, అందరూ నవ్వుతున్నారు కదా అని ఆయనా నవ్వాడు."

అతను ఆమె చెయ్యి వదిలేశాడు.

"ప్లాంటులో కంప్రెసర్ల మధ్య పదమూడేళ్ళు. నాన్నకి వచ్చిందే నాకూ వచ్చింది. నువ్వు నాతో అరిచి మాట్లాడే రోజు చూడకూడదనుకున్నాను, అంతే."

జాయ్స్ మళ్ళీ కూర్చుంది. కుర్చీని అతనివైపు జరుపుకుని కూర్చుంది. "శనివారం నేను ఒక మాట అన్నాను, పులుసు దగ్గర. విన్నారా?"

"ఏదో అన్నావు. తిట్టావనుకున్నాను. మళ్ళీ చెప్పమంటే వినపడలేదని తెలిసిపోతుందని వెళ్ళిపోయాను."

"మీరు రాకపోతే నేనూ వెళ్ళనన్నాను. ఏ ఊరూ వద్దన్నాను."

రాజ్ కిరణ్ ఆమెవైపు చూశాడు. పెదవుల వైపు కాదు, కళ్ళలోకి. అతని కళ్ళలో నీళ్ళు నిండాయి. తుడుచుకోలేదు.

"మీ అమ్మగారు అరిచారంటే ఆవిడకి వేరే దారి తెలియదు" అంది జాయ్స్. "నాకు తెలుసు. అది నా ఉద్యోగం. మీ ముందుకొచ్చి మాట్లాడితే చాలు, అరవక్కర్లేదు. మిషన్లున్నాయి, చెవిలో పెట్టుకుంటే కనపడనంత చిన్నవి. రోజూ పదిమందికి చెప్తాను ఈ మాట. మీకు చెప్పనివ్వకుండా నోరు కట్టేశారు కదండీ!"

అన్నాక ఆమెకే నవ్వొచ్చింది. అతనూ నవ్వాడు. మూడు రోజుల తర్వాత ఆ చెట్టు కింద నవ్వు వినపడటం అదే మొదలు.

టీ పెట్టుకొచ్చింది. వీధి దీపాలు వెలిగాయి. నోటుబుక్కు మళ్ళీ తీశారు. ఈసారి ఇద్దరూ తీశారు.

"అబర్డీన్‌లో మీరు లేకపోతే ఆ వరసలో ఏం మిగిలింది? చలి, రాళ్ళు" అంది జాయ్స్.

"రాళ్ళని అలా అనకు. వాన పడి ఎండ వస్తే మెరుస్తాయట. సముద్రం ఊరి పక్కనే. నాకు నిజంగానే ఇష్టమైంది, ఫొటోలు చూస్తే." మొహమాటంగా అన్నాడు: "గ్లాస్గో కూడా చూశాను."

"ఎప్పుడు?"

"స్టోర్లో. మధ్యాహ్నం ఎవరూ రారు. ఫోన్లో మ్యాపు పెట్టుకుని నీ ఆసుపత్రి చుట్టూ వీధులన్నీ తిరిగాను. అక్కడ భూమి కింద రైలు ఉంది, చిన్నది. గుండ్రంగా తిరుగుతుందట. డ్యూటీ దిగి నిద్రపోయినా ఫర్వాలేదు, మళ్ళీ నీ స్టేషనే వస్తుంది. నది దాటితే మన కొట్లు ఉన్నాయి, కరివేపాకు దొరుకుతుంది. ఒక కాలేజీలో నాలాంటివాళ్ళకి మీటర్ల మరమ్మతు కోర్సు ఉంది. గదిలో కూర్చుని చేసే పని. చెవులతో పనిలేదు, కళ్ళు ఉంటే చాలు."

జాయ్స్ నోరు తెరిచి వింటోంది. గ్లాస్గో పేరెత్తితే మండిపడిన మనిషి, ఆమెకన్నా ఎక్కువ గ్లాస్గో తెలుసుకుని కూర్చున్నాడు!

"ఇన్నాళ్ళూ నాతో పోట్లాడుతూనే నాకు దారులు వెతికారా?"

"నువ్వు ఒక్కదానివే వెళ్తే తప్పిపోతావని."

ఆమె పెన్ను తీసుకుని, కొట్టేసిన గ్లాస్గో కింద మళ్ళీ గ్లాస్గో అని రాసింది. రాజ్ కిరణ్ ఆ పెన్ను లాక్కుని, 'ఆయన' అన్న మాటని అబర్డీన్ కిందనుంచి కొట్టేసి ఇవతలి వరసలో పెట్టాడు. గురువారం దాకా ఎందుకు, ఇప్పుడే రాసేద్దామన్నాడు. లోపలికి వెళ్ళి ల్యాప్‌టాప్, నీలం సంచీ రెండూ పట్టుకొచ్చాడు. సంచీ జిప్పు తీసి, హెల్మెట్ కింద మడతపెట్టి ఉన్న గోధుమరంగు కవరు తీసి ఆమె ఒళ్ళో పడేశాడు.

"ఇదిగో. నీ దగ్గర దాచింది ఇదొక్కటే. ఇక నా దగ్గర ఏమీ లేదు. హాయిగా ఉంది జాయ్స్, రెండు నెలల తర్వాత. నువ్వు అది చూసుకో, నేను ఉత్తరం తయారుచేస్తాను. నీ మెయిల్లోంచే పంపేద్దాం."

అతను తెర మీదికి వంగి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టడం మొదలుపెట్టాడు. జాయ్స్ కవరు విప్పింది. కంపెనీ పంపిన చోట చేసిన చెవి పరీక్ష. అలాంటి కాగితాలు వేలకివేలు చూసింది. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు. గీత పైన ఉంటే చెవి బాగున్నట్టు, కిందికి దిగినకొద్దీ చెడినట్టు.

ఎర్ర గీత పైనే ఉంది, ఇరవయ్యేళ్ళ కుర్రాడిదిలా తిన్నగా. నీలం గీత మొదటినుంచే కిందికి జారి, జారి, పేజీ అడుగుకి పోయింది.

జాయ్స్ ఆ కాగితాన్ని దీపం వెలుతురులోకి జరుపుకుంది.

యంత్రాల హోరు ఒక చెవిని ఎంచుకోదు. అందులో ఏళ్ళతరబడి పనిచేసినవాళ్ళకి రెండు చెవులూ ఇంచుమించు ఒకేలా దెబ్బతింటాయి. రైసు మిల్లులో మామగారికి రెండూ పోయాయని ఇప్పుడే విన్నది. మరి ఈయనకి కుడి చెవి చెక్కుచెదరలేదు. ఇది హోరు చేసిన పని కాదు. కాగితం అడుగున ఎవరో డాక్టరు చేతిరాతలో ఒక ముక్క ఉంది: చెవి డాక్టరుకి త్వరగా చూపించాలి. 'త్వరగా' కింద రెండు గీతలు. తారీఖు రెండు నెలల కిందటిది.

"ఏమండీ" అంది, గొంతు మామూలుగా ఉండేలా చూసుకుంటూ. "ఈమధ్య తల తిరుగుతోందా ఎప్పుడైనా?"

"ఎండాకాలం నుంచీ. ఎండకే అనుకున్నాను." తెర మీదినుంచి కళ్ళు తీయలేదతను. "నడుస్తుంటే ఓడ మీద ఉన్నట్టు ఒక పక్కకి ఒరుగుతాను. భూమేష్ 'అన్నా తాగినవా' అని ఏడిపించేవాడు. స్కాట్లండ్ చలికి అదే పోతుందిలే."

జాయ్స్ మెల్లిగా లేచి గేటుదాకా నడిచింది. ఏడేళ్ళలో ఇలాంటి కాగితాలు ఆమె చేతిలోకి నాలుగైదు వచ్చి ఉంటాయి. అలాంటివాళ్ళని తల స్కానింగు తీయించకుండా డాక్టర్ హమీదుద్దీన్ ఇంటికి పంపడు. కొందరికి ఏమీ ఉండదు. కొందరికి చెవినుంచి మెదడుకి పోయే నరం మీద గడ్డ ఉంటుంది. ఆమె క్లినిక్ నంబరు కాకుండా ఆయన సొంత నంబరుకే చేసింది. కర్నూలు మనిషి, ఆమెతో ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడతాడు.

"చెప్పు తల్లీ, ఈ పూట నీకు సెలవు కదా?"

కాగితంలో ఉన్నదంతా వరసగా చదివింది. ఏ చెవి ఎంత, ఎన్నాళ్ళనుంచి, తల తిరగడం, ఒరగడం. అవతల డాక్టరు ఊఁ కొట్టడం మానేశాడు.

"వయసెంత? పేషెంటు ఎవరు?"

"ముప్ఫై ఎనిమిది సార్." ఆమె వెనక్కి తిరిగి చూసింది. చెట్టు కింద తెర వెలుగు రాజ్ కిరణ్ మొహం మీద పడుతోంది. పెదవులు కదుపుతూ రాసింది చదువుకుంటున్నాడు. పెళ్ళినాటికన్నా చిన్నవాడిలా ఉన్నాడు. "మా ఆయనే సార్."

ఫోన్లో కుర్చీ జరిపిన చప్పుడు వినపడింది.

"భయపడొద్దు. ఏమీ లేకపోవచ్చు. కానీ రేపు పొద్దున ఏడింటికి ఏమీ తినకుండా తీసుకొనిరా, స్కానింగుకి నేను చెప్పి పెడతాను. ఇంకో మాట, జాయ్స్. ఆ స్కాట్లండ్ ఉత్తరాలు ఉన్నాయే, స్కాను చూసేదాకా దేనికీ ఔనని గానీ కాదని గానీ రాయొద్దు. ఆపరేషన్ అంటూ పడితే ఏ ఊళ్ళో చేయించాలో నేను చెప్తాను. అది తేలకుండా ఏ తలుపూ మూసుకోవద్దు. విన్నావా?"

"విన్నాను సార్" అంటూనే జాయ్స్ చెట్టువైపు పరిగెత్తింది. "ఏమండీ, ఆగండి! పంపకండి!"

ఆమె వస్తున్నది ఎడమవైపునుంచి. రాజ్ కిరణ్ మీట నొక్కి, రెండు చేతులూ పైకెత్తి ఒళ్ళు విరుచుకుని, అప్పుడు తిరిగి చూశాడు. మొహమంతా నవ్వు.

"అయిపోయింది జాయ్స్! గ్లాస్గోకి వస్తున్నామని రాశాను. అబర్డీన్‌కి రావడం లేదని రాశాను. రెండూ పంపేశాను!"